వెండి నాణెం మీద రాజు తల: అది రోమన్ నాణెమేనా? ఇంట్లోనే గుర్తుపట్టడం ఎట్లా

(వీడియో ఎపిసోడ్ పూర్తి పాఠం)

నాయుడుపేట నుంచి మీ నాణేల అన్న మాట్లాడుతున్నా. వీడియో చూసే టైం లేనోళ్ళు, బస్సులో ఇయర్‌ఫోన్స్ మర్చిపోయినోళ్ళు చదువుకుంటారని ఎప్పటిలాగే మొత్తం మాటలు ఇక్కడ పెడుతున్నాం.

ఈ మధ్య నాకు వాట్సాప్‌లో ఎక్కువగా వస్తున్న ప్రశ్న ఒకటే. "అన్నా, మా అవ్వ పెట్టెలో వెండి నాణెం దొరికింది, దాని మీద తల ఉంది, ఇది రోమన్ కాయినా? ఎన్ని లక్షలు వస్తది?" రేటు సంగతి చివర్లో చెప్తా. ముందు అసలు అదేందో తేల్చుకుందాం. ఎందుకంటే గుర్తుపట్టకుండా రేటు అడిగేవాడిని మోసం చేయడం చాలా తేలిక.

మన పక్కన రోమన్ నాణేలు ఉంటాయా?

ఉంటాయి. అదీ ఎక్కడో కాదు, మన నెల్లూరు దగ్గరే దొరికిన లెక్క ఉంది. 1786 ప్రాంతంలో నెల్లూరు దగ్గర ఒక రైతు పొలం దున్నుతుంటే నాగలికి ఇటుకల కట్టడం అడ్డుపడింది. తవ్వి చూస్తే పాత చిన్న గుడి శిథిలం, దాని కింద ఒక చిన్న కుండ, కుండలో రోమన్ బంగారు నాణేలు. ట్రాజన్, హేడ్రియన్ అనే చక్రవర్తులవి, ఫాస్టినా అనే రాణిది. అంటే రెండో శతాబ్దానివి. పాపం ఆ రైతుకు అవేంటో తెలీదు గదా, పాత బంగారం కింద అమ్మేశాడు. చాలావరకు కరిగిపోయాయి. ఆర్కాటు నవాబు కుటుంబానికి చెందిన అమీర్ ఉల్ ఉమరా ముప్పైకి పైగా తిరిగి రాబట్టాడు. వాటిని చూసిన అలెగ్జాండర్ డేవిడ్సన్, ఈయన మద్రాసు గవర్నరుగా చేసినాయన, ఆ విషయమంతా ఉత్తరంగా రాస్తే "ఏషియాటిక్ రీసెర్చెస్" అనే పత్రిక రెండో సంపుటంలో అచ్చయింది. కొన్ని నాణేలు నిన్న అచ్చు కొట్టినట్టు మెరుస్తున్నాయని, కొన్ని అరిగిపోయి చిల్లులు పడి ఉన్నాయని, వాటిని నగల్లాగా వేసుకుని ఉంటారని ఆయన రాశాడు.

ఒక్కసారి ఆలోచించండి. ఆ కుండలో మొత్తం ఎన్ని ఉన్నాయి, వాటిలో అన్నిటికంటే కొత్త నాణెం ఏది, ఎవరు ఏ కాలంలో అక్కడ పాతిపెట్టారు, ఇవన్నీ ఆ కుండ మొత్తంగా దొరికితేనే తెలిసే విషయాలు. కంసాలి కుంపటిలో అవన్నీ పోయాయి. ఇయ్యాల ఈ ఎపిసోడ్ చేయడానికి నాకున్న కారణం ఇదే. నాణెం గుర్తుపట్టడం తెలిస్తే అది కరగకుండా మిగులుతుంది.

వెండి నాణెం పేరేంది?

రోమన్ల మామూలు వెండి నాణెం పేరు డెనేరియస్. క్రీస్తు పూర్వం 211 ప్రాంతంలో మొదలైంది. 25 డెనేరియస్‌లు ఇస్తే ఒక బంగారు ఆరియస్. ఈ పేరు మీకు కొత్తేం కాదు. తెలుగు బైబిల్లో "దేనారము" అని చదివే మాట ఇదే. సంస్కృతంలో ఇది "దీనారం" అయింది, అట్లా తెలుగులోకీ వచ్చింది. శ్రీనాథుడి పద్యంలో దీనారాలు వినపడతాయి గదా, ఆ మాట మూలం రోమ్‌లో ఉంది.

మరి ఇన్ని దూరాల నుంచి ఎట్లా వచ్చాయి? మిరియాలు, ముత్యాలు, సన్నటి నూలు బట్టలు. వీటి కోసం ఈజిప్టు ఎర్ర సముద్రం రేవుల్లో ఓడ ఎక్కి, రుతుపవనాల గాలి పట్టుకుని మన దేశానికి వచ్చేవాళ్ళు. కేరళలో ముజిరిస్, పుదుచ్చేరి పక్కన అరికమేడు పేర్లు మీరు వినే ఉంటారు. మొదటి శతాబ్దంలో గ్రీకు భాషలో రాసిన "పెరిప్లస్" అనే సముద్ర వ్యాపార పుస్తకంలో మసాలియా అనే తీరం గురించి ఉంది, అక్కడ సన్నటి బట్టలు ఎక్కువగా తయారవుతాయని. అది మన కృష్ణా తీరం, మచిలీపట్నం వైపు అని పండితులు గుర్తిస్తారు. ప్లినీ అనే రోమన్ రచయిత అయితే ఏడాదికి 5 కోట్ల సెస్టర్సులు భారతదేశానికే పోతున్నాయని వాపోయాడు. నాలుగు సెస్టర్సులు ఒక డెనేరియస్. అంటే 1 కోటి 25 లక్షల డెనేరియస్‌లు. ఆయన లెక్క కచ్చితమా కాదా అని పండితులు ఇప్పటికీ వాదించుకుంటారు, కానీ మన నేలలో నాణేలు దొరుకుతున్న మాట మాత్రం నిజం.

వెండి విషయానికి వస్తే తెలుగు నేల మీద పెద్ద ఉదాహరణ తెలంగాణలోని నల్లగొండ జిల్లా అక్కనపల్లి. అక్కడ ఒకే చోట 1531 వెండి డెనేరియస్‌లు దొరికాయి. దాదాపు అన్నీ ఇద్దరు చక్రవర్తులవి, అగస్టస్, టైబీరియస్. ఇది గుర్తుపెట్టుకోండి, గుర్తుపట్టడంలో సగం పని ఇక్కడే అయిపోతుంది.

మొదటి మెట్టు: బరువు, సైజు

ఫోన్ కెమెరా తీయకముందు తూకం తీయండి. బంగారు షాపుల్లో వాడే చిన్న డిజిటల్ తూకం, 0.01 గ్రాము చూపించేది, ఆన్‌లైన్‌లో తక్కువ ధరకే దొరుకుతుంది. అగస్టస్, టైబీరియస్ కాలపు డెనేరియస్ సుమారు 3.9 గ్రాములు ఉండాలి. అరిగిపోతే 3.5, 3.6 కూడా ఉంటుంది. అడ్డం కొలత 17 నుంచి 19 మిల్లీమీటర్లు.

ఇప్పుడు అవ్వ పెట్టెలో నాణెం సంగతి. అది వెండి రూపాయి అయితే 11.66 గ్రాములు, అర్ధ రూపాయి 5.83 గ్రాములు. తేలిగ్గా తేడా తెలుస్తుంది. తికమక పెట్టేది పావలా. విక్టోరియా వెండి పావలా 2.92 గ్రాములు, సైజు డెనేరియస్‌కి దగ్గరగా ఉంటుంది, దాని మీదా తల ఉంటుంది. బాగా అరిగిపోతే అక్షరాలు కనపడక చాలామంది "రోమన్ రాణి" అనుకుంటారు. అంచు చూడండి. పావలా అంచుకి సన్నటి గీతలు వరసగా ఉంటాయి, మిషన్ మీద కొట్టిన గుర్తు. టైబీరియస్ డెనేరియస్ అంచుకి అట్లాంటి గీతలు ఉండవు.

ఇంకొక తికమక గుజరాత్, మహారాష్ట్ర వైపు నుంచి వచ్చిన పశ్చిమ క్షత్రపుల వెండి నాణేలు. వాటి మీదా రాజు తల, చుట్టూ గ్రీకు అక్షరాల మాదిరి గీతలు. కానీ అవి చిన్నవి, సుమారు 2 గ్రాములే. వెనక పక్క బ్రాహ్మీ అక్షరాలుంటాయి. మన శాతవాహనులు కూడా తలబొమ్మ ఉన్న వెండి నాణేలు కొట్టారు, వాటి మీదా బ్రాహ్మీ లిపే. అంటే లాటిన్ అక్షరాలు కనపడితే ఒక దారి, బ్రాహ్మీ కనపడితే ఇంకో దారి. రెండోది కూడా చాలా విలువైన దారే, నిరాశ పడొద్దు.

రెండో మెట్టు: కొట్టిన నాణెమా, పోత పోసిన నాణెమా

రోమన్లు నాణెం ఎట్లా చేసేవాళ్ళంటే, వెండి ముద్దను రెండు అచ్చుల మధ్య పెట్టి సుత్తితో ఒక దెబ్బ కొట్టేవాళ్ళు. చేత్తో చేసిన పని కాబట్టి బొమ్మ కొంచెం పక్కకు జరుగుతుంది, గుండ్రం సరిగ్గా రాదు, దెబ్బకి అంచులు చిట్లుతాయి. ఇవన్నీ మంచి గుర్తులే.

నకిలీలు ఎక్కువగా మూసలో పోత పోసినవి. ఫోన్ కెమెరాకి చిన్న మాక్రో లెన్స్ పెట్టి చూడండి. నున్నగా ఉండాల్సిన చోట సన్నటి గుంటలు, బుడగలు కనపడితే పోత. అంచు చుట్టూ సన్నటి గీత గాని, దాన్ని ఆకురాయితో రుద్దిన గుర్తు గాని ఉంటే పోత. అక్షరాలు సబ్బులాగా మెత్తగా, అంచులు లేకుండా ఉంటే అనుమానించండి.

ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్ళ ఫోటోలకి ఒక మంచి కిటుకు చెప్తా. చేత్తో కొట్టిన రెండు నాణేలు ఎప్పుడూ నూటికి నూరు ఒకేలా ఉండవు. అదే అమ్మకందారు పెట్టిన రెండు వేర్వేరు ఫోటోల్లో ఒకే చోట అదే చిట్లు, ఒకే చోట అదే గీత కనపడిందంటే ఒక్క మూస నుంచి రెండూ పుట్టాయన్నమాట.

అయస్కాంతం గురించి కూడా అడుగుతుంటారు. అయస్కాంతానికి అతుక్కుంటే అది వెండి కాదు, అంతవరకే. అతుక్కోకపోతే వెండే అని చెప్పలేం, ఇత్తడీ అతుక్కోదు, సీసమూ అతుక్కోదు.

దీనికంటే మంచి పరీక్ష నీళ్ళ తూకం. తూకం మీద గ్లాసుడు నీళ్ళు పెట్టి సున్నా చేయండి. నాణేన్ని దారంతో కట్టి, అడుగుకి తగలకుండా నీళ్ళలో మునిగేట్టు వేలాడదీయండి. తూకం ఒక చిన్న అంకె చూపిస్తుంది. నాణెం అసలు బరువుని ఆ అంకెతో భాగించండి. ఉదాహరణకి నాణెం 3.80 గ్రాములు, నీళ్ళలో 0.37 చూపించింది అనుకోండి. జవాబు 10.27. స్వచ్ఛమైన వెండికి 10.5, ఇత్తడికి 8.5 దగ్గర, సీసానికి 11.3 వస్తుంది. నాణెం చిన్నది కాబట్టి రెండు మూడు సార్లు చేసి సగటు తీసుకోండి. నాణేనికి గీత కూడా పడదు. గీటురాయి మీద రుద్దించడం, యాసిడ్ చుక్క వేయించడం మాత్రం వద్దే వద్దు.

మూడో మెట్టు: తల, అక్షరాలు

మన నేలలో ఎక్కువగా దొరికే రెండు రకాలు చెప్తా. ఈ రెండు తెలిస్తే మీకు చాలావరకు పని అయినట్టే.

మొదటిది అగస్టస్‌ది. ముందు పక్క తల కుడివైపు చూస్తుంటుంది, తల మీద ఆకుల దండ. వెనక పక్క ఇద్దరు మనుషులు నిలబడి ఉంటారు, మధ్యలో రెండు డాళ్ళు, రెండు ఈటెలు, పైన పూజకి వాడే గరిటె, ఒక వంకీ కర్ర. ఆ ఇద్దరు గైయస్, లూషియస్. అగస్టస్ మనవళ్ళు, ఆయన వాళ్ళని కొడుకులుగా దత్తత తీసుకుని వారసులని ప్రకటించాడు. ఇద్దరూ చిన్న వయసులోనే, ఒకరు క్రీ.శ. 2లో, ఒకరు 4లో చనిపోయారు. వారసులు పోయారు, వాళ్ళ బొమ్మలు మాత్రం సముద్రాలు దాటి మన పొలాల దాకా వచ్చాయి.

రెండోది టైబీరియస్‌ది. ఈయన క్రీ.శ. 14 నుంచి 37 వరకు పాలించాడు. ముందు పక్క దండ కట్టిన తల. వెనక పక్క కుర్చీలో కూర్చున్న ఒక స్త్రీ, ఒక చేతిలో పొడుగాటి కర్ర, ఇంకో చేతిలో ఆలివ్ కొమ్మ. ఆమె చుట్టూ "పాంటిఫ్ మాక్సిమ్" అని ఉంటుంది, అంటే ప్రధాన పూజారి. అదీ చక్రవర్తి బిరుదే. బైబిల్లో పన్ను గురించిన ఘట్టంలో చూపించిన దేనారము ఈ రకమేనని చాలాకాలంగా ఒక నమ్మకం.

అక్షరాలు చదివేటప్పుడు మూడు సంగతులు గుర్తుంచుకోండి. ఒకటి, లాటిన్ నాణేల మీద ఇంగ్లీషు యు అక్షరం ఉండదు, దాని చోట వి ఉంటుంది. అందుకే అగస్టస్ పేరు మొదలు ఏ, వి, జి అని కనపడుతుంది. గుండ్రటి యు కనపడితే జాగ్రత్త. రెండు, మాటల మధ్య ఖాళీలు సరిగ్గా ఉండవు, పేర్లు కుదించి రాస్తారు. టైబీరియస్ పేరుకి మొదట టి, ఐ రెండే అక్షరాలు. ఎఫ్ ఒక్కటే ఉంటే "కొడుకు" అని అర్థం. టైబీరియస్ నాణెం మీద ఉండేది "దైవమైన అగస్టస్ కొడుకు" అని. మన శాతవాహన రాజులు తల్లి పేరుతో గౌతమీపుత్రుడు, వాసిష్ఠీపుత్రుడు అని చెప్పుకున్నారు, ఈయన తండ్రి పేరు చెప్పుకున్నాడు, అంతే తేడా. మూడు, నాణెం మీద ఇప్పటి మాదిరి సంవత్సరం అంకె ఉండదు. "క్రీస్తు పూర్వం ఇన్ని" అని ఇంగ్లీషులో అచ్చు వేసి ఉన్న నాణెం ఎవరైనా చూపిస్తే నవ్వేసి పక్కకు రండి. అది కొట్టినప్పుడు క్రీస్తు ఎప్పుడు పుడతాడో వాళ్ళకెట్లా తెలుస్తుంది?

బొమ్మ, అక్షరాలు కొంత చదవగలిగితే తర్వాత పని ఫోన్‌లోనే. అమెరికన్ న్యుమిస్మాటిక్ సొసైటీ వాళ్ళు నడిపే ఓక్రే అనే ఉచిత వెబ్‌సైట్ ఉంది, రోమన్ చక్రవర్తుల నాణేలన్నీ ఫోటోలతో ఉంటాయి. నిపుణులు వాడే జాబితా పుస్తకం "రోమన్ ఇంపీరియల్ కాయినేజ్", కుదించి ఆర్‌ఐసీ అంటారు. అందులో గైయస్, లూషియస్ రకం అగస్టస్ భాగంలో 207వ నంబరు. మీ నాణేన్ని ఆ ఫోటోల పక్కన పెట్టి చూసుకోండి.

నాలుగో మెట్టు: మన వాళ్ళు వేసిన గుర్తులు

నాణెం మీద చిన్న గాటు, చిన్న ముద్ర ఉంటే అయ్యో పాడైందే అనుకోకండి. మన దేశంలో దొరికిన రోమన్ నాణేలకి ఇట్లాంటివి మామూలే. తమిళనాడు పుదుక్కోట్టై దగ్గర 1898లో దొరికిన 501 బంగారు నాణేల్లో ఎక్కువ వాటికి చక్రవర్తి తల మీదే ఉలితో గాటు పెట్టారు. లోపల నిజంగా బంగారమేనా అని పరీక్షించారని కొందరు, ఆ రాజు పెత్తనం ఇక్కడ చెల్లదని చూపించారని కొందరు అంటారు.

పరీక్షించడానికి కారణం కూడా ఉంది. ఆ కాలంలోనే దొంగ నాణేలు ఉండేవి, లోపల రాగి, పైన పలచటి వెండి రేకు. ఇప్పుడవి పగుళ్ళలో పచ్చగా చిలుము పట్టి ఉంటాయి, బరువూ తక్కువ తూగుతాయి. అది నకిలీయే, కానీ రెండు వేల ఏళ్ళ నాటి నకిలీ!

చిల్లు ఉన్నా, కొక్కెం ఉన్నా సరే, అది నగ కింద వాడిన గుర్తు. కాసుల పేరు వేసుకునే ఊళ్ళో పుట్టిన మనకి ఇది వేరే చెప్పక్కర్లేదు. తెలంగాణలో కొండాపూర్ తవ్వకాల్లో అయితే రోమన్ నాణెం బొమ్మని మట్టి బిళ్ళల మీద ఒత్తి చేసిన పతకాలు దొరికాయి. వెండి కొనలేనోళ్ళు కూడా ఆ బొమ్మని ముచ్చటపడ్డారన్నమాట.

ఇంకో ప్రశ్న: టైబీరియస్ తర్వాత వెండి నాణేలు మన దగ్గర ఎందుకు తగ్గాయి? క్రీ.శ. 64లో నీరో చక్రవర్తి డెనేరియస్ బరువు తగ్గించాడు, వెండి పాలూ తగ్గించాడు. 3.9 గ్రాముల నాణెం 3.4 దగ్గరికి వచ్చింది. తూకం చూసి తీసుకునే వ్యాపారి ఊరుకుంటాడా? పాత మంచి నాణేలకే విలువ ఇచ్చారని చాలామంది పండితుల వివరణ. ఆ తర్వాతి కాలానివి మన దగ్గర ఎక్కువగా బంగారమే దొరుకుతుంది. నెల్లూరు కుండలో ట్రాజన్, హేడ్రియన్ బంగారం ఉండటం ఈ లెక్కకి సరిపోతుంది.

దొరికితే ఏం చేయాలి?

మన చుట్టుపక్కల ఇప్పుడు రోడ్ల పనులు, లేఅవుట్లు, చేపల చెరువులు, ఎక్కడ చూసినా జేసీబీ. నాగలి ఒక అడుగు లోతు పోతే జేసీబీ పది అడుగులు పోతుంది. కాబట్టి ఈ మాటలు వినండి.

తోమొద్దు. చింతపండు, నిమ్మకాయ, సామాన్లు తోమే పొడి, ఏదీ వద్దు. వెండి మీద నల్లటి పొర దానికి రక్షణ. తోమితే అక్షరాలు పోతాయి.

కదపకముందు ఫోటో తీయండి, లొకేషన్ ఆన్ చేసి. పక్కన ఒక స్కేలు గాని రూపాయి బిళ్ళ గాని పెట్టండి. కుండ పెంకులు ఉంటే అవి కూడా పారేయొద్దు, కుండని బట్టి కాలం చెప్పేవాళ్ళున్నారు.

చట్టం సంగతి. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇప్పటికీ ఉంది. నేలలో దాచినది 10 రూపాయల కంటే ఎక్కువ విలువది దొరికితే, ఏం దొరికింది, ఎక్కడ, ఏ రోజు అని కలెక్టర్‌కి రాతపూర్వకంగా చెప్పాలి. చెప్తే ప్రభుత్వం ఊరికే లాక్కుంటుందని మనోళ్ళకి భయం. చట్టం చదివితే వేరేగా ఉంది. సొంతదారు ఎవరూ లేరని తేలితే, దొరికినవాడికి, భూమి యజమానికి వాటాలు ఉన్నాయి, మామూలుగా దొరికినవాడికి నాలుగింట మూడు వంతులు. ప్రభుత్వం తీసుకోవాలనుకుంటే లోహం విలువ, దాని మీద ఐదో వంతు కలిపి ఇవ్వాలని రాసుంది. దాచిపెడితే వాటా పోతుంది, ఏడాది దాకా జైలు శిక్ష కూడా పడొచ్చు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన నాణేన్ని మామూలు మనుషులు దేశం బయటికి పంపకూడదు. విదేశీ కొనుగోలుదారు అని ఎవరైనా మెసేజ్ పెడితే ఇది గుర్తుపెట్టుకోండి.

ఇక రేటు. "మీ పాత నాణేనికి పది లక్షలు, ముందు ఫీజు కట్టండి" అని ఫోన్ వస్తే కట్ చేయండి. రిజర్వ్ బ్యాంకు పేరు చెప్పి ఇట్లా వసూలు చేస్తున్నారని, తమకి దానితో సంబంధం లేదని 2021 ఆగస్టులో ఆ బ్యాంకే ప్రకటన ఇచ్చింది. కొనేవాడు డబ్బులు ఇస్తాడు గాని అడగడు గదా.

నిజం నాణేలు కళ్ళారా చూడాలంటే నాయుడుపేటలో రైలెక్కి చెన్నై ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియానికి పోండి, మంచి రోమన్ నాణేల సేకరణ ఉంది. ఒక గంట అసలువి చూస్తే నకిలీ ఫోటో చూడగానే చెయ్యి వెనక్కి తీస్తారు.

మీ దగ్గర ఉన్న నాణెం ఫోటో పంపేటప్పుడు రెండు పక్కలా తీయండి, అంచు తీయండి, బరువు రాయండి, ఎక్కడి నుంచి వచ్చిందో మీ ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి ఆ ఒక్క ముక్క తప్పకుండా రాయండి. విక్టోరియా పావలా అయినా సరే, అవ్వ దాన్ని ఎందుకు దాచిందో అడగండి. వచ్చే ఎపిసోడ్‌లో శాతవాహనుల సీసం నాణేలు చూద్దాం. ఉంటా మరి, నమస్తే.